నీటిమీది కాపురము

ఉద్యోగము విరమించిన పిమ్మట మనవారు సాధారణముగా చేయునవి మూడు: స్వగ్రామమున ఇల్లు బాగుచేయించుకొనుట, తీర్థయాత్రలకు బోవుట, బిడ్డల యిండ్లలో వంతులవారీగా నుండుట. పాశ్చాత్య దేశములలో నాలుగవ మార్గము నవలంబించు దంపతులును గలరు. వారు ఇల్లమ్మి యొక తెరచాప పడవను కొనుక్కొని, ఉష్ణమండల సముద్రములలో రేవునుండి రేవునకు దిరుగుచు, ఆ పడవలోనే వండుకొని తిని నిద్రించి కాలము గడపుదురు. "ముసలితనమున ఇదేమి వేడుక!" యని మన సోదరీమణులు నవ్వవచ్చును. కాని ఆ చిన్నపడవలో సంసార మెట్లు నడుచునో విచారించి చూచినచో, గట్టుమీది మన యిండ్లకును పనికివచ్చు సంగతులు కొన్ని కనబడుచున్నవి. వానిని పాఠికలకు నివేదింపవలెనని మా యుద్దేశము.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములవారికి పడవ క్రొత్తది కాదు. 1852లో మొదలిడి 1855లో ముగించిన బెజవాడ ఆనకట్టవలన కృష్ణకు పడమటి ప్రక్క కాలువలు విస్తరించినవి. తెనాలి పట్టణముగుండ మూడు కాలువలు పారుచున్నవి. కొమ్మమూరు కాలువ 113 కిలోమీటర్లు సాగి, బాపట్ల ప్రాంతమును గడచి, పెదగంజామువద్ద బకింగుహాము కాలువతో గలియును. కావున నొకప్పుడు కృష్ణాతీరమున నెక్కించిన సరుకు నీటిమీదనే చెన్నపట్టణము చేరుటకు వీలుండెడిది. గాలి అనుకూలించిన తెరచాప నెత్తెడివారు. లేకున్న గట్టున నడచుచు తాడుతో లాగెడివారు. లేదా గడ వేసెడివారు. లాకులవద్ద తలుపులు తెఱచువఱకు పడవలోనే వంట, పడవలోనే నిద్ర. 1899లో చెన్నపట్టణమునకు రైలుమార్గమును, 1916లో రేపల్లెకు రైలును, తరువాత లారీలును వచ్చుటచే ఆ రాకపోకలు క్షీణించిపోయినవి. 2008లో ఈ కాలువలను నాలుగవ జాతీయ జలమార్గమున జేర్చిరి గాని, ఆనాటి తెరచాపలు మరల రాలేదు.

మన కాలువలలో పడవ జీవనోపాధి. మేము చెప్పబోవు దంపతులకు అదియే గృహము. వీరిలో ప్రసిద్ధులు ఇంగ్లండు దేశస్థులైన ఎరిక్ హిస్కాక్, సుసాన్ హిస్కాక్ అనువారు. 1952 మొదలు 1955 వఱకు వీరిరువురే 30 అడుగుల పడవలో భూప్రదక్షిణము చేసిరి. ఎరిక్‌గారికి చూపు మిక్కిలి తక్కువ. 1908లో జన్మించిన ఆయన అరువదియేండ్ల ప్రాయమున, అనగా 1968లో, భార్యాసమేతుడై పెద్ద పడవనే యిల్లుగా జేసికొనెను. కొన్నియేండ్లకు అంత పెద్దపడవ తమకు భారమని తోచి, అంతకంటె చిన్నదానిని కట్టించుకొనిరి. ఆయన 1986లో మరణించువఱకు వారి కాపురము నీటిమీదనే సాగెను. వయసు పెరిగినకొలది ఇల్లు తగ్గించుకొనిన వీరి వివేకము గమనింపదగినది.

ఇట్టివారు నిత్యము సముద్రముపై పరుగులిడుచుందురని తలంపరాదు. ఏడాదిలో హెచ్చుభాగము ఏదో యొక మరుగైన రేవున లంగరు దించి యుందురు. తెల్లవారగనే లంగరు పట్టు సడలెనో లేదో చూచుట మొదటి పని. ఎండ ముదురకముందే మరమ్మతులు: తాడు ఒరసికొనినచోట గుడ్డ చుట్టుట, చిఱిగిన చాపను కుట్టుట, అడుగున జేరిన నీటిని తోడివేయుట. పగలు పందిరివలె గుడ్డ కట్టి దాని నీడన విశ్రాంతి. సాయంకాలము చిన్న పడవపై గట్టునకు బోయి, కూరలు, నీరు తెచ్చుకొందురు. వెడలుటకు ముందు దీపములు, పొయ్యి, నీటితొట్లు పరీక్షింతురు. ఇందు సగము పని మన గృహిణులు ప్రతిదినము చేయునదే కదా!

నీటి పొదుపు మొదటి పాఠము. సముద్రయానమున మనిషికి దినమునకు 4 లీటర్ల మంచినీరు చొప్పున లెక్కించినచో, ఇరువురకు 25 దినములకు 200 లీటర్లు కావలెను. గిన్నెలు ఉప్పునీట గడుగుదురు. స్నానమును ఉప్పునీటనే చేసి, తుదను చెంబెడు మంచినీరు పోసికొందురు. బట్టలను మాత్రము కడపట మంచినీట జాడింపవలెను. ఉప్పు మిగిలినచో అది గాలిలోని తేమను బీల్చుటచే బట్ట ఆరదు. వాన వచ్చినప్పుడు పందిరిగుడ్డనుండి నీరు పట్టుదురు గాని, మొదటి నీటిని ఉప్పు కొట్టుకొనిపోవుటకై విడిచిపెట్టుదురు. నేడు ఉప్పునీటిని మంచినీరుగా మార్చు యంత్రములు, సూర్యరశ్మిచే విద్యుత్తు నిచ్చు పలకలు వచ్చినవి. అయినను యంత్రము చెడినప్పటికై తొట్టినీటిని దాచియుంచుట వివేకవంతుల యాచారము.

ఇక భోజనము. పూర్వము నావికులు తాజా కూరలు, పండ్లు లేక చిగుళ్లు వాచి రక్తము కారు వ్యాధికి లోనయ్యెడివారు. 1747లో జేమ్సు లిండు అను వైద్యుడు నారింజ, నిమ్మపండ్ల నిచ్చి రోగులు కోలుకొనుటను పరీక్షించి చూపెను. ఆ పండ్లలోని సి విటమిను మన ఉసిరికాయలోను సమృద్ధిగా గలదు. పడవలో నిలువయుండు పదార్థములు ఉల్లిగడ్డలు, బంగాళాదుంపలు, గుమ్మడి, పచ్చి అరటిగెల మున్నగునవి. ఇందు మన ఆంధ్రగృహిణికి ఎవ్వరును నేర్పవలసినది లేదు. అటుకులు, కందిపొడి, చింతపండు, వడియములు, అప్పడములు, ఊరగాయలు మన యింటినుండియే పడవ కెక్కింపవచ్చును. తడి తగులకుండ మూతలు బిగించి, ఏ డబ్బాలో ఏమున్నదో వ్రాసియుంచిన చాలును.

ఉష్ణమండలమున సౌఖ్యముతోబాటు అపాయమును గలదు. మన సూర్యలంకతీరమున మధ్యాహ్నమైన తరువాత సముద్రముపైనుండి చల్లనిగాలి వీచును. రాత్రి భూమిపైనుండి సముద్రమువైపు గాలి మరలును. ఈ గాలుల వరుస నెఱిగి తెరచాప నడపువారు వెడలుటకు వేళ నిర్ణయింతురు. కాని ఏప్రిలు, మేలలోను, అక్టోబరునుండి డిసెంబరువఱకును బంగాళాఖాతమున తుపానుల భయము హెచ్చు. 1977 నవంబరు 19వ తేదీ నాటి తుపాను, ఉప్పెన దివిసీమకును రేపల్లె, నిజాంపట్నపు తీరమునకును దెచ్చిన విపత్తును ఈ ప్రాంతమువారు మఱువజాలరు. అందువలన పడవ దంపతులు తుపాను నెలలు రాకముందే ఆ సముద్రమును విడిచి, భూమధ్యరేఖకు సమీపమునకో, సురక్షితమైన రేవునకో చేరుకొందురు. వేడుకకొఱకు ఆ నెలలలో నిలుచువారిని తోడి నావికులు మెచ్చుకొనరు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇంకొకటి గలదు. పడవలో ఇరువురే యున్నప్పుడు రాత్రి వంతులవారీగా మేల్కొనవలెను. ఒకరు మూడు నాలుగు గంటలు కావలి యుండగా రెండవవారు నిద్రింతురు. భర్తకు జ్వరము వచ్చిన పడవ నెవరు నడుపుదురు? అతడు జాఱి నీట బడిన, పడవను వెనుకకు మఱలించి అతని నెక్కించుట ఎవరి పని? కావున బుద్ధిమంతులైన దంపతులు ప్రయాణమునకు ముందే ఈ పనులను ఒకరి తరువాత ఒకరు ఒంటరిగా చేసి అభ్యసింతురు. భార్య చుక్కాని పట్టుట, చాప దించుట, పటము చూచి రేవు గుర్తించుట నేర్చును. భర్త వంట, బట్టలుతుకుట, మందుల పెట్టె నేర్చును. ఆడుదానికి ఇవి అలవడునా యను సందేహ మక్కరలేదు. మన నౌకాదళమునకు జెందిన ఆర్గురు స్త్రీలు "తారిణి" యను తెరచాప నావపై 2017 సెప్టెంబరు 10న గోవానుండి బయలుదేరి, భూప్రదక్షిణము చేసి, 2018 మే 21న తిరిగివచ్చిరి. వారిలో విశాఖపట్టణపు స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య బొడ్డపాటి మన తెలుగుబిడ్డలే.

పడవ కొనుడని మేము పాఠికలకు సలహా యిచ్చుట లేదు. అది అందఱకు సాధ్యమును గాదు, ఆవశ్యకమును గాదు. కాని ఉద్యోగము విరమించిన యింటిలోను ఉన్నది ఇరువురే, బిడ్డలు దూరదేశములందుందురు. అట్టి యింట పింఛను కాగితము లెక్కడ నున్నవో, బ్యాంకులో సొమ్మెంత యున్నదో, ఎవరికెంత బాకీయో ఇల్లాలికి తెలియకుండుట ఎంత ప్రమాదము! భర్త గతించిన పిమ్మట సంతకము చేయవలసిన చోటుకూడ నెఱుగక పరులమీద నాధారపడిన వృద్ధవనితలు మన యూళ్లలో లేరా? అటులనే భార్య మంచము పట్టిననాడు గంజి కాచుటకైన తెలియని భర్తలును గలరు. ఇరువురును ఆరోగ్యముగ నున్నప్పుడే వారమున కొక దినము ఒకరి పని నింకొకరు చేసిచూచుట మంచిది. ఆ దినమున ఆయన పొయ్యి వెలిగింపవలెను. ఆమె లెక్కల పుస్తకమును, పాసుపుస్తకమును ముందు బెట్టుకొని కూర్చుండవలెను. తెలియనిది అడుగుటకు ప్రక్కన మనిషి యుండగనే ఈ యభ్యాసము జరుగుట యుక్తము.