ఆదివారపు ఆరాధనకు కీర్తనల యేర్పాటు



క్రైస్తవ దేవాలయములలో ప్రతి ఆదివారమును జరుగు ఆరాధనయందు పాటలకు చెల్లు కాలము తక్కువది కాదు. అయిదు కీర్తనలు పాడినచో, ఒక్కొక్కదానికి నాలుగైదు నిమిషముల చొప్పున, మొత్తము ఇరువది నిమిషములకు పైబడును. ప్రసంగము కొరకు బోధకులు వారమంతయు సిద్ధపడుదురు. పాటలకు మాత్రము చాలచోట్ల సిద్ధపాటు లేదు. గంట కొట్టిన పిదప పుస్తకము తిప్పి, చేతికి దొరికిన పుటలోని కీర్తన నెత్తుకొనుటయో, ఎవరో యొకరు తమకు నచ్చినదానిని మొదలుపెట్టుటయో వాడుకయైనది. వారవారమును పాటల నేరీతిగా నేర్పరచుకొనవలెనో, ఆ యేర్పాటు లేనియెడల మనకు కలుగు నష్టమేమో, రాజాం పరిసర గ్రామములలోని సంఘములకు ఉపయోగపడునట్లు ఈ ప్రసంగమున మనవి చేసెదను.

పాటను దినమును బట్టి నిర్ణయించుట క్రొత్త పద్ధతి కాదు. యెరూషలేము దేవాలయమున లేవీయులు వారములో నేదినమున నే కీర్తన పాడవలెనో యూదుల సంప్రదాయ గ్రంథములు చెప్పుచున్నవి. ఆదివారమున 24వ కీర్తన, సోమవారమున 48వది, మంగళవారమున 82వది, బుధవారమున 94వది, గురువారమున 81వది, శుక్రవారమున 93వది, విశ్రాంతిదినమున 92వది. ఈ 92వ కీర్తన శీర్షికలోనే అది విశ్రాంతిదినమునకు తగినదని వ్రాయబడియున్నది. పస్కా పండుగకు 113 మొదలు 118 వరకు గల కీర్తనలు నియతములు. క్రీస్తు తన శిష్యులతో కడపటి భోజనము చేసిన పిదప, కీర్తన పాడి ఒలీవలకొండకు వెళ్లెనని మార్కు సువార్త చెప్పుచున్నది. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో ఆత్మతోను మనస్సుతోను కూడ పాడవలెనని బోధించెను. మనస్సుతో పాడుటయనగా అర్థమెరిగి పాడుట. అర్థమెరుగవలెనన్న పాటను ముందుగా నెన్నుకొని చదువుకొనవలెను గదా!

ఇక మన ప్రాంతపు సంపద యెట్టిదో చూతము. తెలుగు క్రైస్తవ కీర్తనకారులలో అగ్రగణ్యుడైన పురుషోత్తమ చౌదరిగారు 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. ఆ పర్లాకిమిడి 1936 నుండి ఒడిశాలో చేరినదిగాని, నాటికి అది తెలుగు పలుకుబడి గల సీమయే. ఆయన 1833లో కటకమున బాప్తిస్మము పొంది, బోధకుడై, 1890లో పరమపదించువరకు నూరింటికి పైగా కీర్తనలను రచించెను. 19వ శతాబ్దపు చివరి పాదమున కెనడా దేశపు బాప్తిస్టు మిషనరీలు బొబ్బిలి, శ్రీకాకుళము, భీమునిపట్టణము మొదలగు చోట్ల సంఘములను స్థాపించునప్పటికే ఈ పాటలు తెలుగువారి నోట నుండెను. కావున మన సీమయందలి క్రైస్తవ గానము పరదేశపు సొమ్ము కాదు. పల్లవి, అనుపల్లవి, చరణములు. ఒక రాగము, ఒక తాళము. ఇది త్యాగరాజాది వాగ్గేయకారులు నడచిన బాటయే.

ఈ బాటను మన పూర్వులు విడువకుండుటకు కారణము కూడ నున్నది. అక్షరము రాని వారు పుస్తకము చూడలేరు. అయినను పల్లవి ప్రతి చరణము చివరను మరల వచ్చును గనుక, రెండవ చరణమునకెల్ల ఊరివారందరి నోటను అది నిలుచును. హరికథలోను భజనలోను మనవారికి అలవడిన పద్ధతియే యిది. హరికథాపితామహుడైన ఆదిభట్ల నారాయణదాసుగారు (1864-1945) జన్మించిన అజ్జాడ యీ ప్రాంతములోనిదే. 1919లో విజయనగరమున నెలకొల్పబడిన సంగీత కళాశాలకు ఆయనయే ప్రథమాధ్యక్షుడు. ఇట్టి సీమలో పుట్టిన చెవి రాగమునకు క్రొత్తది కాదు.

అయితే యొక ప్రమాదము గలదు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను గ్రంథమున కీర్తనకు పైని దాని సంఖ్యయు, రాగమును, తాళమును ముద్రింపబడియుండును. స్వరములు ముద్రింపబడియుండవు. ‘ముఖారి, త్రిపుట’ అని యుండుటచేత ఆ రాగమున నాలాపన చేయవచ్చును గాని, మన తాతలు పాడిన ఆ వరుస యేదో తెలియదు. ఆ వరుస పెద్దల గొంతులలో మాత్రమే యున్నది. ఒక కీర్తనను పది యేండ్లు పాడనియెడల, ఎరిగిన నలుగురును గతించిన పిదప, మాట కాగితముపై నిలుచును గాని పాట పోవును. పొలములో విత్తనమును ఏటేట విత్తకున్న ఆ వంగడమే నశించునట్లే యిదియు. కావున వారపు యేర్పాటు ఆరాధనకు క్రమము నిచ్చుటయే గాక, ఈ విత్తనమును గూడ కాపాడును.

ఇప్పుడు పద్ధతి చెప్పెదను. మొదటి సూత్రము: వాక్యము ముందు, పాట తరువాత. బోధకులు రానున్న ఆదివారపు వాక్యభాగమును బుధవారము లోపల తెలుపవలెను. పాటలను ఎన్నుకొనువారు ఆ భాగమును చదివిన తరువాతనే పుస్తకము తెరువవలెను.

రెండవ సూత్రము: ప్రతి పాటకును ఒక స్థానము, ఆ స్థానమునకు ఒక పని గలవు. ఆరంభమున స్తుతి, దాని పని చెదరియున్న జనమును ఒకచోట చేర్చుట. తరువాత పాపపు ఒప్పుకోలు. దాని పని మనస్సును వంచుట. ప్రసంగమునకు ముందు చిన్న ప్రార్థన కీర్తన; పల్లవియు ఒకటి రెండు చరణములును చాలును. ప్రసంగము పిదప సమర్పణ కీర్తన. వినినదానికి సంఘము చెప్పు జవాబిది. కానుకల వేళ నొకటి కావలసిన పాడవచ్చును. చివర మంగళము.

ఒక ఉదాహరణము చూతము. లూకా 15వ అధ్యాయమందలి తప్పిపోయిన కుమారుని కథ వాక్యభాగమనుకొందము. ఆ కథకు మూడు మెట్లున్నవి: దూరదేశమున కరవు, తండ్రియొద్దకు మరలి వచ్చుట, ఇంట విందు. ఆరంభమున దేవుని తండ్రిగా కొనియాడు కీర్తన తగును. ఒప్పుకోలునకు కరుణరసము గల ముఖారి వంటి రాగమున విలంబముగా నడచు కీర్తన తగును. ప్రసంగానంతరము మరలి వచ్చుటను గూర్చినది, సంఘమంతటికి కంఠస్థమైనది ఎన్నుకొనవలెను; ఏలయన ఆ ఘడియలో ఎవరును పుస్తకము వెదకుకొనరాదు. ఆనందపు పాట కడపట రావలెను. దానినే ముందు పాడినచో, కుమారుడు ఇల్లు విడువకమునుపే విందు వడ్డించినట్లగును. పాటలు ఎంత మంచివైనను వరుస తప్పిన ఫలము తగ్గును.

మూడవది రాగతాళముల పొందిక. అయిదు పాటలును ఒకే రాగమున, ఒకే తాళమున నున్న చెవి అలసిపోవును. ఆదితాళమునకు ఎనిమిది అక్షరములు, రూపకమునకు ఆరు, మిశ్రచాపునకు ఏడు. వీనిని మార్చి మార్చి కూర్చవలెను. మోహన, బిలహరి ఉల్లాసమునకు తగినవి. మధ్యమావతి, సురటి మంగళమునకు వాడుట సంప్రదాయము. మన సంఘములలో ఆంగ్లేయుల రాగవరుసలకు కూర్చిన తెలుగు పాటలు కూడ గలవు. వానిని త్రోసివేయ నక్కరలేదు. వారు మేజరు స్కేలని పిలుచు స్వరక్రమము మన శంకరాభరణపు స్వరక్రమమే గనుక, అట్టి పాటకు ముందో వెనుకనో శంకరాభరణ కీర్తన నుంచిన వినుటకు ఎగుడుదిగుడుగా నుండదు.

నాలుగవది శ్రుతి. ఇందే తరచుగా చిక్కు కలుగును. పల్లవి క్రిందిస్థాయిలో నుండును గనుక సులభమని హెచ్చు శ్రుతిలో నెత్తుకొందురు. అనుపల్లవికో చరణమునకో స్వరము తారస్థాయికి పోగానే పురుషుల గొంతు చిట్లును, ముసలివారు ఊరకుందురు, నలుగురు గాయకులు మాత్రము మిగులుదురు. దీనికి మందు చాల సులభము. పాటలో అన్నిటికంటె పైనున్న చోటును ముందుగా పాడి చూచి, అది ముసలమ్మకును అందునట్లు శ్రుతి నిలుపవలెను. గాయకునికి శోభ నిచ్చు శ్రుతి వేరు, సంఘమునకు అందు శ్రుతి వేరు. దేవాలయమున రెండవదే ప్రధానము.

వాద్యములను గూర్చి యొక మాట. చౌదరిగారు బాప్తిస్మము పొందిన 1833 నాటికి హార్మోనియమే పుట్టలేదు. ఫ్రాన్సు దేశమున 1840 ప్రాంతమున అది పుట్టినది. చేతితో తిత్తి నొత్తు మన దేశపు హార్మోనియమును 1875లో కలకత్తాలో ద్వారకానాథ ఘోషుగారు నిర్మించిరి. దాని మెట్లపై స్వరము కదలదు గనుక గమకము పలుకదను ఆక్షేపణతో ఆకాశవాణియే దానిని 1940 నుండి 1971 వరకు దూరముగా నుంచెను. నేడు అనేక సంఘములలో విద్యుత్తుతో మ్రోగు కీబోర్డు చేరినది. ఈ వాద్యములు వలదని నేననను. గొంతునకు ఊతగా నున్నంతవరకు మంచివే. అయితే కీబోర్డులోని సిద్ధపు తాళమును మీట నొక్కి విడిచిపెట్టునప్పుడు జాగ్రత్త వలయును. తరచుగా వాడు ఆ తాళములు నాలుగేసి, మూడేసి మాత్రలవి. ఏడక్షరముల చాపుతాళపు కీర్తనను నాలుగింటి యంత్రములో నిరికించినచో పదములు విరుగును, అర్థము చెడును. అట్టి కీర్తనకు యంత్రమును ఆపి చేతితో తాళము వేయుటయే మేలు.

అయిదవది తెలిసిన పాటలకును తెలియని పాటలకును గల లెక్క. సంవత్సరమునకు 52 ఆదివారములు. వారమునకు అయిదు చొప్పున 260 పాటలకు చోటున్నది. సంఘమునకు అరువది కీర్తనలు బాగుగా వచ్చియున్నచో ఒక్కొక్కటి యేటికి నాలుగు మారులు వచ్చును, మరచిపోవుటకు వీలులేదు. ఇరువదియే పాడుకొనుచున్నచో ఒక్కొక్కటి పదుమూడు మారులు వచ్చి విసుగు పుట్టించును, తక్కిన నిధి మూతపడియుండును. నెలకొక కీర్తనను, క్రొత్తదైన నేమి, మరుగుపడిన పాతదైన నేమి, ఎన్నుకొని ఆ నెలలోని ఆదివారములన్నిటను పాడవలెను. మొదటి వారము ఎరిగినవారు పాడి వినిపింతురు, రెండవ వారము పల్లవి అందరును అందుకొందురు, నాలుగవ వారమునకు చరణములు కూడ వచ్చును. ఆరాధనకు ఒక పాటకంటె నెక్కువ తెలియనిది ఉండరాదు. ఈ రీతిని ఏటికి పండ్రెండు కీర్తనలు మరల బ్రతుకును.

పండుగలను కూడ ముందే గుర్తింపవలెను. క్రిస్మసునకు ముందటి నాలుగు ఆదివారములు ఆగమనకాలము. ఈస్టరు మన పండుగలవలెనే చంద్రుని ననుసరించును. మార్చి 21వ తేదీనాటిదో, ఆ తరువాతిదో అగు మొదటి పౌర్ణమి గడచిన పిమ్మట వచ్చు ఆదివారమది. కావున మార్చి 22 మొదలు ఏప్రిలు 25 లోపల నెప్పుడైనను రావచ్చును. దానికి ముందటి వారము మట్టల ఆదివారము. దానితో కలిపి యేబదియవ దినము పెంతెకొస్తు. వరి కోతలు ముగిసి కోతపండుగ జరుపుకొను సంఘములు దానిని గూడ వ్రాసికొనవలెను. శ్రమల కీర్తనలను ఆ వారముననే వెదకుకొనక, నెల ముందుగా అభ్యాసము మొదలుపెట్టవలెను.

వీనికన్నిటికిని ఒక బౌండు పుస్తకము చాలును. తేదీ, వాక్యభాగము, కీర్తన సంఖ్య, రాగము, తాళము, ఎత్తుకొనినవారు, ఎట్లు పాడిరి అను ఏడు గడులు గీసికొని, ఆదివారము సాయంకాలమే నింపవలెను. ఎన్నుకొనుట ఒక్కరి పని కారాదు. బోధకులు, పాటకు పెద్దయైనవారు, స్త్రీల పక్షమున నొకరు, యువకులలో నొకరు, ఈ నలుగురును గురువారము అరగంట కూర్చున్న చాలును.

కడపట పెద్దలగు మిమ్ము ముఖ్యముగా వేడునదొకటి. మీలో ఎవరికి ఏ కీర్తన పాత వరుసలో వచ్చునో ఒక పట్టిక వ్రాయింపుడు. నేడు ప్రతి యింటను ఫోనున్నది. కీర్తన సంఖ్యను, రాగతాళములను మొదట పలికి, ఒక్క పల్లవియు ఒక్క చరణమునైనను పాడి, పిల్లలచేత దానిలో నిలుపుడు. గొంతు వణకినను చింతలేదు. వరుస తెలిసిన చాలును. పిదప సంగీతము నేర్చినవారొకరు దానిని విని స్వరములు వ్రాయగలరు. ఆ పని ఎక్కువ పాటల కొరకు నిరీక్షింపక, వచ్చు ఆదివారమునకు ఎన్నుకొన్న కీర్తనతోనే మొదలుపెట్టుడు.