రంగు మార్చే పూత.. కెరియర్‌కు ఊతం!

స్విచ్‌ వేస్తే నీలంగా మారి ఎండను ఆపే కిటికీ అద్దాలు కొత్తేమీ కాదు. వాటిని చవగ్గా తయారుచేయడమే ఇప్పటికీ పెద్ద సవాలు. ఆ పూత వేసే విద్యను ఖరీదైన యంత్రాలు లేని కాలేజీ ల్యాబ్‌లోనూ మొదలుపెట్టొచ్చు. ఫిజిక్స్‌, కెమిస్ట్రీ, మెటీరియల్స్‌ విద్యార్థులు దీన్ని ఎలా నేర్చుకోవాలి? ఎక్కడ పనికొస్తుంది?

అద్దం రంగెలా మారుతుంది?

టంగ్‌స్టన్‌ ఆక్సైడ్‌ పూతకు కరెంటుతో రంగు మార్చొచ్చని ఎస్‌.కె.దేబ్‌ 1969లో చూపించారు. 1980ల్లో స్వీడన్‌ శాస్త్రవేత్త క్లాస్‌ గ్రాంక్విస్ట్‌ బృందం దీన్ని ‘స్మార్ట్‌ విండో’ ఆలోచనగా ముందుకు తీసుకెళ్లింది.

నిర్మాణం శాండ్‌విచ్‌ లాంటిది. కరెంటును పోనిచ్చే రెండు పారదర్శక అద్దాలు. ఒకదానిపై టంగ్‌స్టన్‌ ఆక్సైడ్‌, రెండోదానిపై నికెల్‌ ఆక్సైడ్‌. మధ్యలో లిథియం అయాన్లున్న ఎలక్ట్రోలైట్‌. కొద్ది వోల్టులు ఇస్తే ఎలక్ట్రాన్లు, లిథియం అయాన్లు టంగ్‌స్టన్‌ ఆక్సైడ్‌లోకి చేరతాయి. అది నీలంగా మారుతుంది. అదే సమయంలో అయాన్లు వదిలిన నికెల్‌ ఆక్సైడ్‌ గోధుమ రంగుకు వస్తుంది. వోల్టేజి తిప్పితే రెండూ మళ్లీ తేటపడతాయి. ఒకరకంగా ఇది అవతలి వైపు కనిపించే పల్చటి బ్యాటరీ! రంగు మారేటప్పుడే ప్రధానంగా కరెంటు కావాలి. మారాక కొంతసేపు ఆ రంగు దానంతటదే నిలుస్తుంది.

ఖరీదెందుకు?

పూత మందం కొన్ని వందల నానోమీటర్లే. దాన్ని పెద్ద అద్దమంతా ఒకే తీరుగా వేయడానికి పరిశ్రమల్లో ఎక్కువగా వాక్యూమ్‌లో స్పటరింగ్‌ చేస్తారు. నాణ్యత బాగుంటుంది కానీ యంత్రాలకు భారీ పెట్టుబడి కావాలి. ఈ రంగంలో వంద కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి అందుకున్న అమెరికా కంపెనీ ‘వ్యూ’ 2024లో దివాలా రక్షణ కోరింది. టెక్నాలజీ పనిచేయడం ఒక ఎత్తు, గిట్టుబాటు కావడం ఇంకో ఎత్తు!

వాక్యూమ్‌ లేకుండానే..

ద్రావణంతో పూత వేసే పద్ధతులకు అందుకే గిరాకీ. ముఖ్యమైనవి ఇవీ:

- స్ప్రే పైరాలిసిస్‌: లోహ లవణ ద్రావణాన్ని వేడి అద్దంపై తుంపరలుగా చల్లుతారు. దోసె పెనంపై నీళ్లు చిలకరించినట్టే. వేడి చాలకపోతే తుంపర తడిగా పడి పూత మచ్చలుగా వస్తుంది. మరీ ఎక్కువైతే దారిలోనే ఆరిపోయి పొడిగా రాలుతుంది. ఆ మధ్యస్థ వేడిని పట్టుకోవడమే నేర్పు. కొల్హాపూర్‌లోని శివాజీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌ పి.ఎస్‌.పాటిల్‌ బృందం ఈ పద్ధతిపై విస్తృతంగా పనిచేసింది.
- సోల్‌-జెల్‌: అద్దాన్ని ద్రావణంలో ముంచి నెమ్మదిగా పైకి లాగుతారు, లేదా చుక్కలు వేసి వేగంగా తిప్పుతారు. తర్వాత ఫర్నేస్‌లో వేడిచేస్తారు.
- కెమికల్‌ బాత్‌: నికెల్‌ లవణం, పర్‌సల్ఫేట్‌, అమ్మోనియా కలిపిన ద్రావణంలో అద్దాన్ని నిలబెడితే గది ఉష్ణోగ్రత దగ్గరే పూత పేరుకుంటుంది. తర్వాత వేడిచేస్తే నికెల్‌ ఆక్సైడ్‌ అవుతుంది.
- ఎలక్ట్రోడిపాజిషన్‌: కరెంటు సాయంతో ద్రావణం నుంచి నేరుగా పూత వేస్తారు.

చవకైన పద్ధతి కదా అని జాగ్రత్త మరవొద్దు. నికెల్‌ లవణాలు క్యాన్సర్‌ కారకాలు. గ్లవ్స్‌, ఫ్యూమ్‌హుడ్‌, గైడ్‌ పర్యవేక్షణ తప్పనిసరి.

ఫొటో చాలదు.. అంకెలు కావాలి

చాలా ప్రాజెక్టు రిపోర్టులు ‘సాంపిల్‌ నీలంగా మారింది’ అన్న ఫొటో దగ్గరే ఆగిపోతాయి. ఇంటర్వ్యూ బోర్డు అడిగేది ఆ తర్వాతి ప్రశ్నలు. తేట, ముదురు స్థితుల్లో ఎంత శాతం కాంతి దాటుతోంది? రంగు మారడానికి ఎన్ని సెకన్లు? ఎన్ని వందల సైకిళ్ల తర్వాత పనితనం తగ్గింది? టేపు అతికించి లాగితే పూత ఊడుతోందా? అదే పద్ధతిలో పది సాంపిళ్లు చేస్తే పదీ ఒకేలా వచ్చాయా?

చివరి ప్రశ్నకు జవాబు చెప్పగలిగితే మీరు సగం గెలిచినట్టే. ఒక్క మంచి సాంపిల్‌ ఎవరైనా చేస్తారు. మళ్లీ మళ్లీ చేయగలిగినవారే పరిశ్రమకు కావాలి. పాడైన సాంపిళ్ల వివరాలనూ నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి.

ఉద్యోగాల మాటేంటి?

ఉన్నమాట చెప్పుకోవాలి. మనదేశంలో నేరుగా స్మార్ట్‌ విండోల ఉద్యోగాలు తక్కువే. అయితే మీరు నేర్చుకునేది కిటికీ కాదు, పల్చటి పూతల విద్య. సోలార్‌ సెల్స్‌, భవనాల గాజు, సెన్సర్లు, బ్యాటరీలు.. అన్నిచోట్లా దాని అవసరం ఉంది. శ్రీపెరంబుదూర్‌లో సెయింట్‌-గోబెన్‌ గాజు కర్మాగారం ఉంది. తమిళనాడులో ఫస్ట్‌ సోలార్‌ థిన్‌ ఫిల్మ్‌ ప్యానెళ్లు తయారుచేస్తోంది. తెలంగాణలో ప్రీమియర్‌ ఎనర్జీస్‌ సోలార్‌ సెల్స్‌ చేస్తోంది. ఇలాంటిచోట్ల యంత్రాలు వేరైనా మందం, అతుకు, లోపాలు చూసే పద్ధతి మీకు తెలిసిందే.

పరిశోధనవైపు వెళ్తే హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐలో సోల్‌-జెల్‌ పూతలకు ప్రత్యేక కేంద్రమే ఉంది. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ ఫిజిక్స్‌ విభాగానికి ఆక్సైడ్‌ ఫిల్మ్‌ల పరిశోధనలో మంచి అనుభవం ఉంది. ఐఐటీ హైదరాబాద్‌, నిట్‌ వరంగల్‌, హైదరాబాద్‌ సెంట్రల్‌ యూనివర్సిటీల్లో మెటీరియల్స్‌ కోర్సులున్నాయి. బీఎస్సీ వారికి జామ్‌, బీటెక్‌ వారికి గేట్‌, ఎమ్మెస్సీ వారికి సీఎస్‌ఐఆర్‌ నెట్‌ దారులు. 2023 నుంచి జేఆర్‌ఎఫ్‌ నెలకు రూ.37,000. హెచ్‌ఆర్‌ఏ అదనం.

ఇలా మొదలుపెట్టండి

- ఫైనలియర్‌ ప్రాజెక్టుకు ఒకే ఆక్సైడ్‌, ఒకే పద్ధతి ఎంచుకోండి. నాలుగూ ముట్టుకుంటే ఏదీ చేతికి రాదు.
- ఉష్ణోగ్రతో, ద్రావణం గాఢతో.. ఒకసారి ఒక్కదాన్నే మార్చి ఫలితం చూడండి.
- యూవీ-విజిబుల్‌ స్పెక్ట్రోమీటర్‌, పొటెన్షియోస్టాట్‌ స్వయంగా వాడటం నేర్చుకోండి. కాలేజీలో లేకపోతే దగ్గర్లోని యూనివర్సిటీ ల్యాబ్‌ను గైడ్‌ ద్వారా సంప్రదించండి.
- రెజ్యూమెలో ‘థిన్‌ ఫిల్మ్స్‌ తెలుసు’ అని రాయొద్దు. ఏ పద్ధతిలో, ఎన్ని సాంపిళ్లు చేశారో, ఏం కొలిచారో రాయండి. మిమ్మల్ని పదిమందిలో వేరుగా నిలిపేది ఆ ఒక్క వాక్యమే!