పాత మోటారు సైకిలుకు లైటు ఎందుకు వెలగదు?

మోటారు సైకిలు లైటు మసకబారితే చాలామంది ముందుగా బల్బు మారుస్తారు. అప్పటికీ బాగుపడకపోతే బ్యాటరీ మారుస్తారు. అదీ కుదరకపోతే "పాత బండి, దీని బతుకింతే" అని ఊరుకుంటారు. మా కంభం ప్రాంతపు రైతుకు అలా ఊరుకోవడానికి వీల్లేదు. నల్లమల అంచు చేలకు అడవి పందుల బెడద ఉంది. రాత్రిళ్లు కాపలాకు పోవాలి. వెనక ఎర్రలైటు లేని బండి, వెనకనుంచి వచ్చే లారీ డ్రైవరుకు మరీ దగ్గరికొచ్చేదాకా కనపడదు. కాబట్టి లైటన్నది బండికి అలంకారం కాదు, మనిషి ప్రాణానికి కాపు.

నేను రైతు బిడ్డను, ఫిజిక్సు చదువుతున్నవాణ్ణి. మా ఇంట్లో 6 వోల్టుల పాత బండి ఒకటుంది. దాని వైర్లు విప్పి కట్టడంలో నాకు తెలిసివచ్చిన సంగతి ఒక్కటే: లోపం చాలాసార్లు బల్బులోనూ ఉండదు, బ్యాటరీలోనూ ఉండదు, ఆ రెంటి నడుమ దారిలో ఉంటుంది.

విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మ మీద కట్టిన మా కంభం చెరువునే తీసుకుందాం. తూము ఎత్తితే నీళ్లు కాలువలో పడి కయ్యకు చేరతాయి. ఆ నీళ్లు మళ్లీ చెరువుకు రానక్కర్లేదు. కరెంటు అలా కాదు. బ్యాటరీ ఒక కొసన బయలుదేరి, స్విచ్చి, బల్బు దాటి రెండో కొసకు తిరిగి చేరితేనే వలయం పూర్తవుతుంది. మోటారు సైకిల్లో ఈ తిరుగుదారికి చాలాచోట్ల వేరే వైరు ఉండదు. బండి ఇనుప చట్రమే ఆ పని చేస్తుంది. మెకానిక్కులు దీన్నే 'ఎర్తు' అంటారు. బోల్టు కింద తుప్పో, రంగో, మట్టో చేరితే ఎర్తు చెడుతుంది. పోయే దారిని అందరూ చూస్తారు, వచ్చే దారిని ఎవరూ చూడరు!

జార్జి సైమన్ ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రంతో చిన్న లెక్క వేద్దాం. 6 వోల్టుల బ్యాటరీ మీద 24 వాట్ల బల్బు 4 ఆంపియర్లు తీసుకుంటుంది. అంటే దాని నిరోధం ఒకటిన్నర ఓములు. తుప్పు పట్టిన అతుకు మరో అర ఓము కలిపిందనుకోండి. కరెంటు 3 ఆంపియర్లకు దిగుతుంది, బల్బుకు అందేది పదమూడున్నర వాట్లే. అంటే దాదాపు సగం పోయినట్టే! అదే 12 వోల్టుల బండిలో అయితే, అంతే తుప్పున్నా 24 వాట్ల బల్బుకు 20 వాట్లు అందుతాయి. (వేడిని బట్టి ఫిలమెంటు నిరోధం మారుతుంది గనుక ఇది ఉజ్జాయింపు లెక్క.) పాత 6 వోల్టుల బండ్లు తుప్పుకు అంత తొందరగా ఎందుకు లొంగుతాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక పరీక్ష వరస చెబుతాను. బల్బు ఊడదీసి రెండు వైర్లతో నేరుగా బ్యాటరీకి తాకించండి. బాగా వెలిగితే బల్బూ బ్యాటరీ రెండూ మంచివే. మసగ్గా వెలిగితే బ్యాటరీ చూడాలి. నిండుగా చార్జయిన 6 వోల్టుల బ్యాటరీలో మూడు గదులు కలిసి సుమారు 6.3 వోల్టులు చూపాలి. తర్వాత బల్బు మళ్లీ బిగించి, లైటు వేసి, బ్యాటరీ ఎర్తు కొస నుంచి ఒక వైరును లైటు డొప్పకు తాకించండి. వెలుగు పెరిగిందా, దోషం ఎర్తుదే. బోల్టు విప్పి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగిస్తే సరి. వెలుగు పెరగలేదంటే పోయే దారిలో స్విచ్చి, అతుకులు ఒక్కొక్కటే చూడాలి. హ్యాండిలు తిప్పినప్పుడు లైటు ఆరిపోతుంటే, మెడ దగ్గర వంగి వంగి లోపలి తీగ తెగిందని గుర్తు.

అమ్మీటరు ఉన్న పాత బుల్లెట్టయితే పని ఇంకా సులువు. ఇంజను ఆపి లైటు వేస్తే ముల్లు మైనసు వైపు కదలాలి. అస్సలు కదలకపోతే దారి ఎక్కడో తెగింది. ఒక్కసారిగా చివరికంటా కొడితే ఎక్కడో షార్టయింది. వెంటనే తాళం తీసెయ్యాలి. ఇంజను వేగంగా నడుస్తున్నా ముల్లు మైనసులోనే ఉంటే బ్యాటరీకి చార్జింగు అందడం లేదు.

కొన్ని పాత మాగ్నెటో బండ్లలో హెడ్‌లైటుకు కరెంటు బ్యాటరీతో పనిలేకుండా మాగ్నెటో నుంచే వస్తుంది. అందుకే ఇంజను నెమ్మదిస్తే లైటూ నీరసిస్తుంది. అది రోగం కాదు, దాని స్వభావం. వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటరు లేని చోట హెడ్‌లైటు బల్బు పోతే, మిగిలిన ఒత్తిడంతా చిన్న వెనకబల్బు మీద పడి అదీ మాడిపోతుంది. కనుక ముందు బల్బు పోగానే వెనక బల్బు కూడా చూసుకోవాలి.

చివరగా ఒక హెచ్చరిక. ఫ్యూజు పోయిందని దాని స్థానంలో రాగితీగో, సిగరెట్టు పెట్టె వెండికాగితమో పెట్టకండి. ఫ్యూజు పోవడం లోపం కాదు, అది లోపాన్ని చూపించడం. దాని నోరు మూస్తే వైరు కాలుతుంది, ఆ వైరు మీదే పెట్రోలు ట్యాంకు ఉంది.

మిత్రులారా! ఓమ్ సూత్రాన్ని మనం పరీక్షలో మార్కులకోసం రాస్తాం. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక బల్బు, రెండు మూరల వైరు, ఓ గరుకు కాగితం ముక్క తీసుకుని మన వీధిలో లైటు లేని బండి ఏదైనా ఉంటే దాని ఎర్తు చూడండి. ఖర్చు పది నిమిషాలు. ఆ రాత్రి చేనికి పోయినవాడు క్షేమంగా ఇల్లు చేరితే, మనం చదివిన ఫిజిక్సుకు అంతకన్నా సార్థకత ఏముంటుంది?