నెట్టు పోయింది - ఎక్కడ పోయింది?

"నెట్టు పోయింది" అనే మాట ఇప్పుడు మన ఇండ్లలో "కరెంటు పోయింది" అనే మాటంత మామూలైపోయింది. కరెంటు పోతే ముందు ప్రక్కింటి వైపు చూస్తాం. వాళ్ళకు ఉంటే మన ఫ్యూజు చూసుకుంటాం. వాళ్ళకూ లేకపోతే అది సబ్‌స్టేషను వాళ్ళ పని అనుకొని విసనకర్ర తీస్తాం. నెట్టు విషయంలో మాత్రం ఆ కాస్త విచారణ కూడా లేదు. కంప్యూటరును తిట్టడమో, కంపెనీని తిట్టడమో, బజారుకు పోయి క్రొత్త డాంగిల్ కొనడమో చేస్తాం.

ఇంటికి ఫైబరు తీగ వచ్చిన పాఠకులకు ఈ వ్యాసంతో అంత పని ఉండకపోవచ్చు. కాని తీగ రాని పల్లెలలో, అద్దె గదులలో, తరచు బదిలీలయ్యే ఉద్యోగుల ఇండ్లలో పెన్‌డ్రైవులా కనిపించే ఆ యు.ఎస్.బి. డాంగిలే ఇప్పటికీ ఆధారం. లేదా వైరుతో కంప్యూటరుకు తగిలించిన ఫోను. మాదీ అటువంటి ఇల్లే. గోదావరి గట్టుకు నాలుగు కిలోమీటర్లు లోపల ఉన్న మా వీధికి ఇంకా ఫైబరు రాలేదు.

మా అమ్మాయి డిగ్రీ పూర్తిచేసి మెడికల్ కోడింగ్ శిక్షణలో చేరింది. తరగతులు సాయంత్రం ఆరున్నర నుండి ఎనిమిదిన్నర వరకు, ఇంట్లోనే, కంప్యూటరు ఎదుట. ఫీజు డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకొని కట్టాం. తరగతి మధ్యలో మూడుసార్లు బయటికి పడిపోతే ఆ రోజు హాజరు వేయరు. హాజరు తగ్గితే పరీక్షకు పంపరు. నెల తిరిగేసరికి ఏడు గైర్హాజర్లు పడ్డాయి. "రాజమండ్రిలో హాస్టల్లో ఉండి చదువుకుంటానమ్మా" అని అమ్మాయి అడగడం మొదలుపెట్టింది. హాస్టలంటే మళ్ళీ నెలకు ఐదారు వేలు. డాంగిల్ కొన్న కొట్టుకే తీసుకువెళ్ళి చూపిస్తే, అతను దానిని అటూ ఇటూ త్రిప్పి, "దీని పని అయిపోయిందండి, కొత్తది పట్టుకెళ్ళండి, రెండున్నర వేలు" అన్నాడు. ఏ కంప్యూటరుకూ తగిలించి చూడలేదు.

డబ్బు తీసే ముందు ఒక వారం ఆగుదామనుకున్నాం. పాత నోటు పుస్తకం ఒకటి కంప్యూటరు ప్రక్కన పెట్టి, నెట్టు పోయిన ప్రతిసారి మూడు సంగతులు వ్రాయమని అమ్మాయికి చెప్పాం. ఎన్ని గంటలకు పోయింది? పోయినప్పుడు కంప్యూటరు "టుడుంగ్" మని శబ్దం చేసిందా? సిగ్నలు గీతలు ఎన్ని ఉన్నాయి? వారంలో ఇరవై మూడుసార్లు పోయినట్లు తేలింది. వాటిలో పద్నాలుగుసార్లు శబ్దం వచ్చింది. ఆరుసార్లు శబ్దం రాలేదు గాని గీతలు పడిపోయాయి. మిగిలిన మూడుసార్లు గీతలు నిండుగా ఉన్నాయి, "కనెక్టెడ్" అనే ఉంది, అయినా ఏ పేజీ తెరుచుకోలేదు. మనం ఒకే మాటతో చెప్పుకొనే ఈ "పోవడం" నిజానికి మూడు వేర్వేరు జబ్బులన్నమాట. ఒకదాని మందు మరొకదానికి పనిచేయదు.

మొదటిది, శబ్దం చేసి పోవడం. వైరును ఊడదీసినప్పుడు, తగిలించినప్పుడు కంప్యూటరు చేసే శబ్దమే అది. అంటే డాంగిల్ అక్కడ ఉన్నట్లే కంప్యూటరుకు తెలియడం లేదు. దీనికి టవరుతో గాని, కంపెనీతో గాని సంబంధం లేదు. తగవంతా మన బల్ల మీదనే ఉంది.

డాంగిల్ అంటే తెర, బ్యాటరీ లేని చిన్న మొబైలు ఫోను. దానికి కావలసిన కరెంటంతా యు.ఎస్.బి. సాకెట్టు నుండే రావాలి. ప్రమాణం ప్రకారం యు.ఎస్.బి. 2.0 సాకెట్టు 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 సాకెట్టు 900 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలి. టవరు దూరమైనకొద్దీ డాంగిల్ గట్టిగా కేక వేయాలి. గట్టిగా కేక వేయడానికి ఎక్కువ కరెంటు కావాలి. సాకెట్టు అంత ఇవ్వలేకపోతే డాంగిల్ సొమ్మసిల్లి పడిపోయి మళ్ళీ లేస్తుంది. డెస్క్‌టాప్ పెట్టె ముందు వైపున్న సాకెట్లు లోపల సన్నని తీగలతో కలిపి ఉంటాయి. ఏళ్ళ తరబడి పెన్‌డ్రైవులు పెట్టి తీసి వదులైపోయేవి కూడా అవే. వెనుక వైపు సాకెట్లు నేరుగా మదర్‌బోర్డుకే అతికి ఉంటాయి. మేము డాంగిల్‌ను ముందు నుండి వెనుకకు మార్చాం. ఆ వారం ఇంకేదీ మార్చలేదు. శబ్దంతో పోవడం పద్నాలుగు నుండి నాలుగుకు దిగింది.

ఇంకేదీ మార్చలేదని ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నామంటే, తొందరలో నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ నాలుగూ చేయాలి.

మిగిలిన ఆ నాలుగుసార్లు ఏమిటా అని నోటు పుస్తకం చూస్తే, అన్నీ అమ్మాయి భోజనానికో మరి దేనికో లేచి వెళ్ళి తిరిగి వచ్చిన సమయాలే. కరెంటు ఆదా చేయడానికి విండోస్ తనంతట తానే యు.ఎస్.బి. సాకెట్లను నిద్రపుచ్చుతుంది. డివైస్ మేనేజరులో యు.ఎస్.బి. రూట్ హబ్ అనే పేర్లు ఉంటాయి. ఒక్కొక్కదానిలో పవర్ మేనేజ్‌మెంట్ అనే పేజీ తెరిచి, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అన్న గడిలో టిక్కు తీసివేయాలి. ఆ పేజీ కనిపించకపోతే పవర్ ఆప్షన్స్‌లో యు.ఎస్.బి. సెలెక్టివ్ సస్పెండ్ అనే దానిని ఆపవచ్చు. ల్యాప్‌టాప్ వాడేవారు ఇది తప్పక చూడాలి, ఎందుకంటే బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఆ ఆదా మరీ ఎక్కువ.

సిమ్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పాత డాంగిళ్ళలో సిమ్ గూడు పెద్దది, ఈనాటి నానో సిమ్ చాలా చిన్నది. మధ్యలో ఒక ప్లాస్టిక్ చట్రం పెట్టి సరిపెడతాం. అది వదులుగా ఉంటే, డాంగిల్ వేడెక్కి కాస్త సాగినప్పుడల్లా సిమ్ కదులుతుంది. పొడి మెత్తని గుడ్డతో సిమ్ పసుపు వైపు తుడిచి గట్టిగా కూర్చోబెట్టాలి. సిమ్ లేకుండా ఉత్త చట్రాన్ని మాత్రం లోపలికి త్రోయవద్దు. లోపలి ముళ్ళు దానిలో చిక్కుకొని వంగితే ఇక ఆ డాంగిల్ నిజంగానే కొట్టువాడు చెప్పినట్లు అయిపోతుంది. వేసవిలో డాంగిల్ మీద కంప్యూటరు గుడ్డ కప్పి ఉంచడం కూడా మంచిది కాదు.

ఇక రెండవది, గీతలు పడిపోవడం. ఇంట్లోనే నాలుగడుగుల తేడాలో సిగ్నలు ఎంత మారుతుందో కొలిచి చూస్తే తప్ప నమ్మలేం. సిమ్‌ను కాసేపు ఫోనులో వేసి, సెట్టింగులలో ఫోను వివరాల క్రింద సిమ్ స్టేటస్ చూస్తే సిగ్నలు బలం మైనస్ అంకెతో కనిపిస్తుంది. మైనస్ 85 దగ్గర ఉంటే బాగున్నట్లు, మైనస్ 110 దాటితే కష్టమన్నట్లు. మా కంప్యూటరు బల్ల దగ్గర మైనస్ 112 చూపించింది, తూర్పు కిటికీ దగ్గర మైనస్ 97. తేడా పదిహేనే కదా అనిపిస్తుంది గాని, ఈ లెక్కలో పది అంటే పది రెట్లు, పదిహేను అంటే సుమారు ముప్ఫై రెట్లు! కారణం వెదకనక్కరలేదు, బల్ల ప్రక్కనే ఇనుప బీరువా ఉంది. బీరువా, ఇనుప రేకుల కప్పు, స్లాబులోని ఊచలు, ఫ్రిజ్, ఇవన్నీ సిగ్నలుకు గోడలే. పెంకుటిల్లు ఈ విషయంలో డాబా కంటే నయం.

బీరువాను కదిలించే ఓపిక మాకు లేదు. నూట యాభై రూపాయలు పెట్టి రెండు మీటర్ల యు.ఎస్.బి. ఎక్స్‌టెన్షన్ వైరు కొని, డాంగిల్‌ను కిటికీ చెక్క చట్రానికి, ఊచలకు దూరంగా కట్టాం. ఈ వైరు పొడుగైనకొద్దీ మంచిది కాదు. యు.ఎస్.బి. 2.0 కి మొత్తం ఐదు మీటర్లే హద్దు. సన్నని నాసి వైరైతే అంతకు ముందే కరెంటు తగ్గి మళ్ళీ మొదటి జబ్బు వస్తుంది. వైరు వలన ఇంకొక లాభం కూడా ఉంది. లోపల నీలం రంగు ఉండే 3.0 సాకెట్లు, వాటికి తగిలించిన హార్డ్ డిస్కులు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రేడియో గోల చేస్తాయని ఇంటెల్ సంస్థ 2012 లోనే తెలిపింది. డాంగిల్ వాటికి కాస్త దూరంగా ఉండడం మేలు.

ఇక్కడ పాత డాంగిల్ దాచుకున్నవారికి ఒక మాట. టాటా ఫోటాన్, రిలయన్స్ నెట్‌కనెక్ట్ వంటి సేవలు ఆగిపోయి చాలాకాలమైంది. 3జి మాత్రమే తెలిసిన డాంగిల్‌లో జియో సిమ్ వేస్తే ఏ కిటికీ దగ్గర పెట్టినా పలకదు, ఎందుకంటే 2016 సెప్టెంబరులో మొదలైన జియోకు 2జి, 3జి లేనే లేవు. అటువంటిది పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వవచ్చు. 4జి ఫోను ఇంట్లో ఉంటే దానిని వైరుతో కంప్యూటరుకు తగిలించి యు.ఎస్.బి. టెథరింగ్ పెట్టుకోవడం క్రొత్త డాంగిల్ కొనడం కంటే చవక. అయితే బజారులో దొరికే వైర్లలో ఛార్జింగుకే తప్ప డేటాకు పనికిరానివి చాలా ఉన్నాయి. కంప్యూటరు ఫోనును గుర్తించకపోతే ముందు వైరు మార్చి చూడండి.

మూడవ జబ్బు, అన్నీ ఉండి ఏమీ రాకపోవడం. ఇది ఎక్కువగా లెక్కల గొడవ. మా పథకం రోజుకు ఒకటిన్నర జి.బి. అది అయిపోయిన తర్వాత నెట్టు పూర్తిగా ఆగదు, 64 కె.బి. వేగానికి పడిపోతుంది. గీతలు అలాగే ఉంటాయి, బొమ్మ మాత్రం కదలదు. అమ్మాయి తరగతి మొదలయ్యే లోపే ఆ డేటాను త్రాగేసింది ఎవరో కాదు, మధ్యాహ్నం చడీచప్పుడు లేకుండా దిగిన విండోస్ అప్‌డేటు. నెట్‌వర్క్ సెట్టింగులలో మన కనెక్షనును మీటర్డ్ అని గుర్తిస్తే చాలావరకు అది ఆగుతుంది. ఇంకా రెండు చిన్న విషయాలు. సిమ్ కంపెనీ మారినప్పుడు ఎ.పి.ఎన్. పేరు కూడా మార్చాలి. ఒక కంపెనీ పేరు మరొకదానికి పనిచేయదు. కంప్యూటరు తేదీ పాత సంవత్సరం చూపిస్తుంటే బ్యాంకు పేజీల వంటివి తెరుచుకోవు. అప్పుడు మార్చవలసింది డాంగిల్ కాదు, మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ.

ఇవన్నీ అయ్యాక ఒక వారం మళ్ళీ వ్రాయించాం. మూడే పోకలు. మూడూ మా ఊరిలో కరెంటు పోయిన గంట గంటన్నర తర్వాతే. ప్రక్కింటి వారి ఫోనులోనూ అదే కంపెనీ సిమ్, ఆ సమయంలో వారికీ గీతలు లేవు. టవరు దగ్గర కరెంటు పోతే బ్యాటరీలు, ఆ తర్వాత జనరేటరు దానిని నిలబెట్టాలి. బ్యాటరీలు ముసలివైతే గంటకే చేతులెత్తేస్తాయి. దీనికి మన బల్ల మీద మందు లేదు.

ఫిర్యాదుకు 198 నంబరు ఉంది, ఖర్చు ఉండదు. ఫిర్యాదు చేస్తే డాకెట్ నంబరు ఇస్తారు, అడిగి వ్రాసుకోవాలి. వారి జవాబు తృప్తిగా లేకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి వ్రాయవచ్చు, దానికీ రుసుము లేదు. కంపెనీ మార్చాలనుకునేవారు నంబరు మారకుండానే మారవచ్చు. ఆ సదుపాయం దేశమంతటా 2011 జనవరి నుండి ఉంది. అయితే మారబోయే కంపెనీకి మీ వీధిలో సిగ్నలు ఉందో లేదో ముందే చూసుకోవాలి. 2024 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం కంపెనీలు తమ సిగ్నలు ఎక్కడెక్కడ ఉందో చూపే పటాలను తమ వెబ్‌సైట్లలో పెట్టాలి. పటం కంటే నమ్మకమైనది, ఆ కంపెనీ సిమ్ ఉన్న చుట్టాన్ని ఒక సాయంత్రం భోజనానికి పిలిచి, కిటికీ దగ్గర కూర్చోబెట్టడం.

మేము ఫిర్యాదులో "నెట్టు సరిగా రావడం లేదు" అని చెప్పలేదు. ఏ తేదీన కరెంటు ఎన్ని గంటలకు పోయింది, ఎన్ని గంటలకు సిగ్నలు పోయింది, ఎప్పుడు తిరిగి వచ్చింది, నోటు పుస్తకం చూసి చదివాం. అవతలి అమ్మాయి మధ్యలో అడ్డు రాకుండా వ్రాసుకుంది. పదహారు రోజులకు టవరు దగ్గరకు బ్యాటరీలు వచ్చాయని ఆ చేను రైతు చెప్పాడు. మా అమ్మాయికి ఆ తర్వాతి నెల ఒకే ఒక్క గైర్హాజరు పడింది, అది జ్వరం వల్ల.