బ్లీచింగ్ డ్రమ్ములో సున్నం ఎందుకు?

పంట దించినాక షెడ్డు కడిగేటప్పుడు చాలామంది అడిగే మాట ఇది: బ్లీచింగ్ వేస్తున్నాం గదా, మళ్ళీ సున్నం దండగ కాదా? దండగ కాదు. ఎందుకో చెప్తాం.

బళ్ళో చదివిందే. పుల్లగా ఉండేది ఆమ్లం: నిమ్మరసం, చింతపండు పులుసు. చేతికి సబ్బులా జారేది క్షారం: సున్నం, చాకలి సోడా. రెండూ కలిస్తే ఒకదాని ఉగ్రం ఇంకొకటి చంపుకుని లవణం, నీళ్లు మిగులుతాయి.

ఇప్పుడు పాల రోగం సంగతి, గ్రాసరీ అంటారే, అది. ఆ వైరస్ విడిగా తిరగదు, కంటికి కనపడని గట్టి గింజల్లో దాక్కుని ఉంటుంది. ఆకుతో బాటు గింజ పురుగు కడుపులోకి పోతుంది. అక్కడి రసం క్షారం కాబట్టి గింజ కరిగి వైరస్ బయటపడుతుంది, పురుగుకు రోగం పట్టుకుంటుంది. సున్నం నీళ్లు కూడా క్షారమే. గింజ కరిగే పని పురుగు కడుపులో కాకుండా, ఖాళీ షెడ్డులో గోడ మీదే జరిపిస్తాం. అడ్డు పోయిన వైరస్‌ను బ్లీచింగ్ చంపుతుంది. అందుకే 100 లీటర్ల నీళ్లకు 2 కిలోల బ్లీచింగ్, 300 గ్రాముల సున్నం.

అయితే ఆ సున్నంలో చేవ ఉండాలి. మూత లేని సంచిలో నెలల తరబడి పడి ఉంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి సుద్ద అయిపోతుంది. అదీ ఒక లవణమే, చూడ్డానికి అదే తెలుపు, పని మాత్రం చేయదు. చిటికెడు తీసి నిమ్మరసం పిండండి. బుసబుసా నురగ వస్తే అది సుద్ద. మంచి సున్నం అట్లా పొంగదు. రాతి సున్నం కొని, నీళ్లు చల్లి పొడి చేసుకుని, మూత బిగిసే డబ్బాలో పెట్టుకోవడమే మాకు నచ్చిన పద్ధతి.

ఈ నిమ్మకాయ పరీక్ష సున్నానికే, బ్లీచింగ్ మీద వద్దు. బ్లీచింగ్‌లో ఏ ఆమ్లం పడినా క్లోరిన్ గాలి లేస్తుంది. మూసిన షెడ్డులో అది ఊపిరితిత్తులను కాలుస్తుంది, ప్రాణమే పోవచ్చు. నేల మరకలు పోవాలని బాత్రూం యాసిడ్ తెచ్చి అదే బకెట్‌లో పోసే వాళ్లున్నారు. క్లోరిన్ డయాక్సైడ్ మందుతో వచ్చే పలుకులు కూడా ఆమ్లమే, వాటిని ఆ మందులోనే వేయాలి, బ్లీచింగ్‌లో కాదు. ఘాటు తగిలితే బకెట్ సంగతి వదిలేసి ముందు బయటికి రండి.

బైవోల్టీన్ గుడ్లను యాసిడ్‌లో ముంచుతారు గదా అంటారేమో. అది గ్రెయినేజీలో వేడి, నిమిషాలు కొలిచి చేసే పని, మనకు సంబంధం లేదు.

సున్నం కంట్లో పడితే విరుగుడని నిమ్మరసం, మజ్జిగ పోయొద్దు. మంచినీళ్లతో పావుగంటకు తగ్గకుండా కడిగి, ఆసుపత్రికి పోవాలి.