పై అంతస్తు వేడికి ఎంత మందం బోర్డు వేయాలి? అంగుళమా, మూడు అంగుళాలా?

మార్చి చివరికల్లా పై అంతస్తు ఇళ్లలో ఒకటే మాట వినిపిస్తుంది. రాత్రి పదయినా ఏసీ ఆపితే చాలు, స్లాబ్ నుంచి సెగ దిగుతోందని. దానికి ఇన్సులేషన్ వేయించాలని కాంట్రాక్టర్‌ను పిలిస్తే ఒకరు అంగుళం బోర్డు చాలంటారు, ఇంకొకరు మూడు అంగుళాలు వేయకపోతే డబ్బు దండగంటారు. ఎవరి మాట వినాలో చిన్న లెక్కతో మీరే తేల్చుకోవచ్చు.

మొదటి అంగుళం చేసే పని

ఆరు అంగుళాల కాంక్రీట్ స్లాబ్ చూడ్డానికి దిట్టంగా ఉంటుంది కానీ వేడిని ఆపడంలో చాలా బలహీనం. ఎండలో ఆ స్లాబ్ గుండా గదిలోకి 100 పాళ్ల వేడి వస్తోందనుకుందాం. పైన అంగుళం, అంటే 25 మి.మీ. ఎక్స్‌పీఎస్ బోర్డు పరిస్తే అది సుమారు 26 పాళ్లకు పడిపోతుంది. రెండు అంగుళాలైతే 15, మూడైతే 11, నాలుగైతే 8.

మొదటి అంగుళం 74 పాళ్లు ఆపితే, రెండోది ఆపేది 11. మూడోది నాలుగు పాళ్లే. ఖర్చు మాత్రం ప్రతి అంగుళానికీ దాదాపు ఒకేలా పెరుగుతుంది. ఎక్కువ మందం వేస్తే అంతకంత లాభం అన్న మాట ఇక్కడే తప్పుతుంది.

మన దగ్గర డాబా మీద వేసే ఇటుక ముక్కల కోబా గురించి కూడా ఒక మాట. నీరు కిందికి దిగకుండా, వాలు సరిగ్గా రావడానికి అది పనికొస్తుంది. వేడి విషయంలో మాత్రం నాలుగు అంగుళాల కోబా చేసే పని సుమారు 4 మి.మీ. ఫోమ్ బోర్డుతో సమానం. కోబా ఉంది కదా, చల్లగానే ఉంటుందనుకుంటే పొరపాటే.

ఇంటి లెక్క

120 చదరపు అడుగుల పడకగది. వేసవిలో 120 రోజులు, రోజుకు 8 గంటలు ఏసీ నడుస్తుంది. ఆ గంటల్లో డాబా పైభాగానికి, గదికి మధ్య సగటున 12 డిగ్రీల తేడా ఉందనుకుందాం. స్లాబ్ గుండా దిగిన వేడిని బయటికి తోయడానికే ఏసీ ఏడాదికి సుమారు 140 యూనిట్లు కాలుస్తుంది. అంగుళం బోర్డుతో అందులో 103 యూనిట్లు మిగులుతాయి. రెండో అంగుళంతో మరో 16, మూడో అంగుళంతో మరో 6.

యూనిట్ 8 రూపాయలు, అంగుళం బోర్డు చదరపు అడుగుకు 20 రూపాయలు అనుకోండి. (మీ ఊరి ధర వేసుకుని మళ్లీ లెక్కించండి.) ఈ గదికి ఒక్కో అంగుళం బోర్డు 2,400 రూపాయలు. రెండో అంగుళం ఏడాదికి మిగిల్చేది 128 రూపాయలు కాబట్టి పెట్టిన డబ్బు తిరిగి రావడానికి 19 ఏళ్లు. మూడో అంగుళానికైతే 50 ఏళ్లు! రాత్రి పూట మాత్రమే ఏసీ వేసుకునే ఇంటికి అంగుళం దాటి వెళ్లడం దండగే.

రోజుకు 12 గంటల చొప్పున ఏడాదిలో 240 రోజులు ఏసీ నడిచే క్లినిక్, ఆఫీసు సంగతి వేరు. గంటలు మూడింతలు కాబట్టి పొదుపూ మూడింతలు. రెండో అంగుళం డబ్బు ఆరేళ్లు దాటేసరికి వచ్చేస్తుంది. మూడోదానికి అక్కడ కూడా పదహారేళ్లు దాటుతుంది. అందుకే మందం తేల్చేది మీ ఏసీ నడిచే గంటలు.

యూనిట్ ధర విషయంలో చాలామంది బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి సగటు తీస్తారు. అది సరికాదు. మన టారిఫ్‌లో వాడకం పెరిగేకొద్దీ పై శ్లాబ్ ధర పడుతుంది, ఇన్సులేషన్ తగ్గించేవి ఆ ఖరీదైన చివరి యూనిట్లనే. తెలంగాణలో గృహజ్యోతి కింద ఉన్న కుటుంబానికి ఇది మరీ ముఖ్యం. 200 యూనిట్లు దాటిన నెలలో జీరో బిల్లు రాదు. అంచు మీద ఉన్న ఇంట్లో పాతిక యూనిట్లు తగ్గినా ఆ నెల బిల్లే తప్పుతుంది.

అసలు ఖర్చు బోర్డుది కాదు

పాత పొర తీయడం, వాటర్‌ప్రూఫింగ్, బోర్డు మీద కాంక్రీట్ పొర, కూలీ... ఇవన్నీ అంగుళం వేసినా మూడు వేసినా ఒకటే. ఇవి చదరపు అడుగుకు 60 రూపాయలైతే పై గదికి 7,200 అదనం, మొదటి అంగుళం డబ్బు తిరిగి రావడానికి పదకొండేళ్లు దాటుతుంది. ఎలాగూ డాబా కారుతోందని ఆ పని చేయిస్తున్నప్పుడే బోర్డు కూడా పరిపించేస్తే, అదనపు ఖర్చు బోర్డుదే కాబట్టి మూడేళ్లలో వస్తుంది. ఎప్పుడు వేయిస్తున్నారన్నది ఎంత మందం అన్నదాని కంటే పెద్ద ప్రశ్న.

డాబా మీద వేసేటప్పుడు మామూలు తెల్ల థర్మోకోల్ వద్దు. అది బరువుకు నలుగుతుంది, తడి పీలుస్తుంది. తడిసిన ఇన్సులేషన్ వేడిని ఆపదు.

నిబంధనలు ఏమంటున్నాయి?

కేంద్ర విద్యుత్ శాఖ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత, పైకప్పు యు-వ్యాల్యూ 1.2 దాటకూడదంటుంది. ఈ అంకె ఎంత తక్కువైతే వేడి అంత తక్కువగా దిగుతుంది. ఒట్టి స్లాబ్‌ది సుమారు 3.3. అంగుళం ఎక్స్‌పీఎస్‌తో 0.9 దగ్గరికి వస్తుంది. అంటే కోడ్ కోసమైనా అంగుళం సరిపోతుంది.

తెలంగాణ కూల్ రూఫ్ విధానం (2023-28) దారి వేరు. అది ఎండను వెనక్కి కొట్టే తెల్ల పూత, తెల్ల టైల్స్ వంటివాటి గురించి. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే కొత్త ఇళ్లకు తప్పనిసరి. చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. ఐచ్ఛికమైనా ముందు చేయించాల్సింది ఇదే. తెల్ల పూత వల్ల 12 డిగ్రీల తేడా సగానికి తగ్గిందనుకుంటే, ఆ తర్వాత వేసే బోర్డు మిగిల్చేదీ సగమే. అప్పుడు క్లినిక్‌కు కూడా రెండో అంగుళం డబ్బు రావడానికి పన్నెండేళ్లు దాటుతుంది. కాకపోతే పూత దుమ్ము పట్టి మాసిపోతుంది, ఏటా వేసవికి ముందు కడిగించాలి.

ఏసీ లేని ఇంటికి ఈ రూపాయల లెక్క వర్తించదు. అక్కడ కావాల్సింది రాత్రి నిద్ర. తెల్ల పూత వేసి, వీలైతే అంగుళం బోర్డు పరిపించి, పొద్దుపోయాక కిటికీలు తెరిచి ఉంచితే చాలావరకు పని జరుగుతుంది. కిటికీలు మూసేసి మూడు అంగుళాలు వేసినా, పగలు గోడల నుంచి గదిలో చేరిన వేడి రాత్రంతా లోపలే ఉంటుంది.