పాత గృహ కంప్యూటరుపై ప్రోగ్రాముల ప్రారంభం: బీబీసీ మైక్రో మెనూ పనితీరు - పరిశీలన

వ్యాససంగ్రహం:
బీబీసీ మైక్రో అనే గృహ కంప్యూటరులో డిస్కుపై ఉన్న ప్రోగ్రాములను జాబితాగా చూపి, కోరినదాన్ని నడిపించే చిన్న సాధనాన్ని 'మెనూ' అనీ, నేటి పరిభాషలో 'లాంచర్' అనీ అంటారు. ఈ సాధనం డిస్కు పట్టికను ఎలా చదువుతుంది, జ్ఞాపకశక్తిలో తాను ఆక్రమించిన చోటును తరువాతి ప్రోగ్రాముకు ఎలా అప్పగిస్తుంది, ఆ అప్పగింతలో లోపం జరిగితే పాత ప్రోగ్రాములు ఎందుకు చెడిపోయినట్లు కనిపిస్తాయి అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. కంప్యూటరు ఆదేశాలు యంత్రంపై ఆంగ్లాక్షరాలతో టైపు చేయవలసినవే అయినా ఇక్కడ తెలుగు లిపిలో ఇవ్వబడ్డాయి. యంత్ర గ్రంథాలు పదహారు ఆధారంగా రాసే చిరునామాలను ఇక్కడ దశాంశ పద్ధతిలో చూపడమైనది.

కీలకపదాలు: బీబీసీ మైక్రో, మెనూ, లాంచర్, డిస్కు ఫైలింగ్ సిస్టం, బేసిక్ భాష, సాఫ్ట్‌వేర్ పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం

కేంబ్రిడ్జిలోని ఏకార్న్ కంప్యూటర్స్ సంస్థ బ్రిటిష్ ప్రసార సంస్థ బీబీసీ కోసం రూపొందించిన ఈ కంప్యూటరు 1981 డిసెంబరులో విడుదలైంది. 1982 జనవరిలో మొదలైన టెలివిజన్ పాఠాలకు తోడుగా ఇది బ్రిటన్ పాఠశాలల్లోకి ప్రవేశించింది. ఇందులో 2 మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేసే 6502 ప్రాసెసర్ ఉంటుంది. 'ఎ' నమూనాకు 16 కిలోబైట్ల, 'బి' నమూనాకు 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తి ఉండేది. భారతదేశానికీ దీనితో సంబంధం ఉంది. 1984లో ప్రారంభమైన 'క్లాస్' పథకం కింద మన దేశంలోని పాఠశాలలకు మొదటి విడతగా చేరిన కంప్యూటర్లు ఇవే.

యంత్రాన్ని వెలిగించగానే తెరపై సంస్థ పేరు, బేసిక్ భాష పేరు, ఒక బాణపు గుర్తు మాత్రమే కనిపిస్తాయి. ఆ తరువాత ఏమి చేయాలో యంత్రం చెప్పదు. డిస్కులో ఏ ప్రోగ్రాములు ఉన్నాయో తెలుసుకోవడానికి 'స్టార్ క్యాట్' అని టైపు చేయాలి. బేసిక్‌లో రాసిన ప్రోగ్రాము అయితే 'చెయిన్' అనీ, యంత్ర భాషలో రాసినదైతే 'స్టార్ రన్' అనీ ఆదేశించాలి. ఏ ఫైలు ఏ రకమో పట్టిక సూటిగా చెప్పదు. ఇరవై ముప్పై మంది పిల్లలున్న తరగతి గదిలో ఈ తేడా వివరించడం కంటే, 'ఒకటి నొక్కితే ఈ ఆట, రెండు నొక్కితే ఆ పాఠం' అని చూపే మెనూ రాసుకోవడం తేలిక. మెనూ పుట్టుకకు ఇదే ముఖ్యకారణం.

2. డిస్కు పట్టిక, బూట్ ఫైలు

ఏకార్న్ డిస్కు ఫైలింగ్ సిస్టంలో ఒక్కొక్క సెక్టారుకు 256 బైట్లు ఉంటాయి. డిస్కు మొదటి రెండు సెక్టార్లు పట్టికకు కేటాయించబడ్డాయి. మొదటి సెక్టారులో ప్రతి ఫైలు పేరుకూ 8 బైట్లు, రెండవ సెక్టారులో దాని చిరునామాలకూ పొడవుకూ మరో 8 బైట్లు. ఈ లెక్కన 32 గళ్ళు ఏర్పడతాయి. మొదటి గడిని డిస్కు పేరు మొదలైన వివరాలు తీసుకుంటాయి కనుక ఫైళ్ళకు మిగిలేవి 31. ఒక పేరుకు ఏడక్షరాలు, ఎనిమిదవది డైరెక్టరీని సూచించే ఒంటి అక్షరం. ఏడక్షరాల్లో పాఠం పేరు, తరగతి, భాగం సంఖ్య అన్నీ ఇమడ్చవలసి రావడంతో ఈ డిస్కుల మీది పేర్లు చాలావరకు పొడుపుకథల్లా ఉంటాయి. మెనూ చేసే మొదటి సేవ ఆ పొడుపును విప్పి నిండు పేరును చూపడమే.

'షిఫ్ట్' మీటను నొక్కిపట్టి 'బ్రేక్' మీటను నొక్కితే ఫైలింగ్ సిస్టం పట్టికలోని ఒక సంఖ్యను చూస్తుంది. 'స్టార్ ఆప్ట్ 4' అనే ఆదేశంతో ముందుగా నిర్ణయించే ఆ సంఖ్య సున్న అయితే ఏమీ జరగదు. ఒకటి అయితే '!బూట్' అనే ఫైలు జ్ఞాపకశక్తిలోకి చేరుతుంది, రెండు అయితే యంత్ర భాషా ప్రోగ్రాముగా నడుస్తుంది. మూడు అయితే ఆ ఫైలులోని అక్షరాలు ఎవరో కీబోర్డుపై టైపు చేస్తున్నట్లుగా యంత్రానికి అందుతాయి. మెనూ డిస్కుల్లో సాధారణంగా కనిపించేది ఈ మూడవ పద్ధతే. '!బూట్' ఫైలులో 'చెయిన్ "మెనూ"' అన్న ఒక్క పంక్తి ఉంటే చాలు.

ఈ సౌలభ్యంలో ఒక చిక్కు దాగి ఉంది. ఫైలు అక్షరాలు కీబోర్డు స్థానంలో వస్తున్నాయి కనుక, 'చెయిన్' పంక్తి తరువాత పొరపాటున ఒక ఖాళీ పంక్తి మిగిలినా అది వృథాగా పోదు. అప్పటికే నడవడం మొదలుపెట్టిన మెనూ 'గెట్' ద్వారా మీట కోసం ఎదురుచూస్తుంటే, ఆ ఖాళీ పంక్తి 'రిటర్న్' మీటగా దానికి చేరుతుంది. మెనూ తెరపై ఒక్క క్షణం మెరిసి, ఎవరూ ఏదీ ఎంచుకోకుండానే మొదటి ప్రోగ్రాములోకి వెళ్ళిపోతుంది. డిస్కు చెడిపోయిందని దాన్ని పక్కన పెట్టే ముందు ఈ ఒక్క విషయాన్ని పరిశీలించడం మంచిది.

3. మెనూ నిర్మాణం

పేర్లను ప్రోగ్రాములోనే పంక్తులుగా రాసి ఉంచే మెనూ ఒక రకం. దీన్ని రాయడం తేలికే కానీ, డిస్కుకు కొత్త ఫైలు చేర్చిన ప్రతిసారీ సవరించాలి. రెండవ రకం మెనూ ఆపరేటింగ్ సిస్టం ద్వారా పట్టికను తానే చదువుకొంటుంది. బేసిక్ ప్రోగ్రామును భద్రపరిచినప్పుడు దాని ప్రారంభ చిరునామాగా బేసిక్ భాష ఉండే రోమ్‌లోని స్థానం, అంటే 32768కి పైనున్న సంఖ్య, నమోదవుతుంది. దాన్ని బట్టి మెనూ 'చెయిన్' అనాలో 'స్టార్ రన్' అనాలో నిర్ణయించుకోగలదు. ఇది ఊహే కానీ చాలా సందర్భాల్లో నిజమయ్యే ఊహ.

ఎంచుకున్న పేరును ఆదేశంగా మార్చడంలో బేసిక్ తొలి రూపం ఒక ఇబ్బంది పెట్టింది. నక్షత్రపు గుర్తుతో మొదలయ్యే పంక్తిని బేసిక్ ఉన్నదున్నట్లుగా ఆపరేటింగ్ సిస్టంకు పంపుతుంది కనుక అందులో చరరాశి పేరు రాస్తే దాని విలువకు బదులు పేరే వెళుతుంది. రెండవ రూపంలో ఇందుకోసం 'ఓఎస్‌సీఎల్ఐ' అనే మాట చేర్చారు. మొదటి రూపం ఉన్న యంత్రంపై పంక్తిని జ్ఞాపకశక్తిలో పేర్చి, 65527 చిరునామాను పిలవాలి. రెండు రకాల యంత్రాలపైనా నడవవలసిన మెనూలకు ఈ పాత పద్ధతే శరణ్యం.

మెనూలకు తెర 'మోడ్ 7' కావడంలో అందం కంటే పొదుపు ఎక్కువ. ఆ మోడ్ 1 కిలోబైటుతో సరిపెట్టుకుంటుంది. రంగుల ఆటలు వాడే 'మోడ్ 2' 20 కిలోబైట్లను తింటుంది.

4. చోటు ఖాళీ చేయడం

మెనూ విషయంలో అసలు పరీక్ష ఎంపిక జరిగిన తరువాత మొదలవుతుంది. బేసిక్ ప్రోగ్రాము జ్ఞాపకశక్తిలో ఎక్కడ మొదలవ్వాలో 'పేజ్' అనే విలువ చెబుతుంది. క్యాసెట్టు మాత్రమే ఉన్న యంత్రంలో ఇది 3584. డిస్కు ఫైలింగ్ సిస్టం అమర్చిన యంత్రంలో 6400. మధ్యనున్న 2816 బైట్లను డిస్కు వ్యవస్థ తన సొంత పనికి ఉంచుకుంటుంది. డిస్కు పట్టిక నకలు, తెరిచిన ఫైళ్ళ తాత్కాలిక నిల్వలు అక్కడే ఉంటాయి.

'మోడ్ 2' తెర 12288 వద్ద మొదలవుతుంది. అప్పుడు క్యాసెట్టు యంత్రంలో ప్రోగ్రాముకు 8704 బైట్లు దక్కుతాయి, డిస్కు యంత్రంలో 5888 మాత్రమే. క్యాసెట్టు కాలంలో చివరి బైటు దాకా వాడుకొని రాసిన ఆటను డిస్కుపైకి మార్చి, మెనూ నుంచి మామూలుగా 'చెయిన్' చేస్తే చోటు చాలదన్న సందేశంతో ఆగిపోతుంది. ఆటలో ఒక్క అక్షరమూ మారలేదు. అది నిలబడవలసిన నేలలో మూడవ వంతు వేరొకరి చేతిలో ఉంది.

దీనికి ఆనాటి ప్రోగ్రామర్లు కనిపెట్టిన పరిష్కారం మెచ్చదగినది. ముందు ఎక్కువ చోటు దొరికే 'మోడ్ 7'లో ప్రోగ్రామును 6400 వద్దనే దించుతారు. పిమ్మట 'స్టార్ టేప్' అని ఆదేశించి డిస్కు వ్యవస్థను పక్కకు తప్పిస్తారు. ఇక ప్రోగ్రామును నాలుగేసి బైట్ల చొప్పున 3584కు దించి, 'పేజ్'ను 3584గా మార్చి, 'ఓల్డ్' అని, 'రన్' అంటారు. అయితే తాను కదిలిస్తున్న నేలపైనే ప్రోగ్రాము నిలబడి ఉంటే ఆ పని ఎలా చేయగలదు? అందుకని ఈ ఆదేశాలన్నిటినీ 'స్టార్ కీ 0' ద్వారా ఒక ఫంక్షన్ మీటకు అర్థంగా అమర్చి, ఆ మీట నొక్కినట్లు సంకేతాన్ని కీబోర్డు వరుసలో పెట్టి, ప్రోగ్రాము ఆగిపోతుంది. మీట అర్థం ఒక్కొక్క పంక్తిగా విచ్చుకొని, మనిషి టైపు చేసినట్లే నడుస్తుంది. మీటల అర్థాలు 2816వ చిరునామా దగ్గర, టైపు చేసిన పంక్తి 1792 దగ్గర, లెక్కకు వాడే 'ఐ శాతం' అనే చరరాశి 1024 ప్రాంతంలో ఉంటాయి. మూడూ 3584కు దిగువనే. కనుక పైన ఏది చెరిగినా ఈ పనికి అడ్డు రాదు.

ఈ ఉపాయానికి ఒక మూల్యం ఉంది. డిస్కు వ్యవస్థ ఉండిన చోటు చెరిగిపోయింది కనుక ఆ ప్రోగ్రాము మళ్ళీ డిస్కును చదవలేదు. ఒకే ముక్కగా ఉన్న ఆటకు దీనివల్ల నష్టం లేదు. నడుస్తూ నడుస్తూ తరువాతి భాగాన్ని తెచ్చుకొనే ప్రోగ్రాముకు మాత్రం ఇది ప్రాణాంతకం. డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ రాయగా ఏకార్న్‌సాఫ్ట్ 1984లో వెలువరించిన 'ఎలైట్' ఆటను చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. దాని క్యాసెట్టు రూపం మొత్తంగా జ్ఞాపకశక్తిలో ఇమిడిపోతుంది. డిస్కు రూపం అంతరిక్ష కేంద్రంలో ఆగినప్పుడు ఒక భాగాన్ని, బయలుదేరినప్పుడు మరొక భాగాన్ని డిస్కు నుంచి తెచ్చుకుంటుంది. అందువల్లనే అందులో ఎక్కువ రకాల నౌకలు ఇమిడాయి. ఈ రెండు రూపాలనూ ఒకే తీరున ప్రారంభించే మెనూ ఏదో ఒకదానికి అన్యాయం చేసి తీరుతుంది. కాబట్టి మంచి మెనూ తన జాబితాలో ప్రతి పేరు పక్కనా ఆ ప్రోగ్రామును కిందికి దించాలా వద్దా అన్న గుర్తును కూడా దాచుకుంటుంది.

5. మెనూ వదిలి వెళ్ళే జాడలు

'చెయిన్'తో కొత్త ప్రోగ్రాము వచ్చినప్పుడు పాతది చెరిగిపోతుంది కానీ, పాతది చేసిన ఏర్పాట్లన్నీ చెరిగిపోవు. బాణపు మీటలతో జాబితాలో పైకీ కిందికీ కదలడానికి మెనూ 'స్టార్ ఎఫ్ఎక్స్ 4,1' వాడుతుంది. దాన్ని మళ్ళీ సున్నకు మార్చకుండా వెళ్ళిపోతే తరువాత వచ్చే బేసిక్ పాఠంలో విద్యార్థి పంక్తిని దిద్దుకోలేడు. కర్సరును దాచి వెళితే తరువాతి ప్రోగ్రాము అడిగే ప్రశ్న దగ్గర ఏమీ మినుకుమనదు. 'రిటర్న్' మీటపై వేలు కాస్త ఎక్కువసేపు నిలిస్తే అదనపు 'రిటర్న్'లు వరుసలో మిగిలి, ఆటలోని 'సూచనలు కావాలా' అన్న ప్రశ్నకు ఎవరూ చెప్పని జవాబుగా చేరతాయి. వెళ్ళే ముందు కీబోర్డు వరుసను ఖాళీ చేస్తే ఇది తప్పుతుంది.

ఈ జాడల్లో ఒకటి మాత్రం ఉపయోగకరమైనది. 'ఎ శాతం' నుంచి 'జెడ్ శాతం' వరకు ఉన్న ఇరవైయారు పూర్ణాంక చరరాశులు 'చెయిన్' తరువాత కూడా నిలిచి ఉంటాయి. ఎంచుకున్న కష్టస్థాయి, ఆటగాళ్ళ సంఖ్య వంటి వాటిని మెనూ వీటి ద్వారా అందించవచ్చు. తిరిగి రావడానికి పదవ ఫంక్షన్ మీటకు, అంటే 'బ్రేక్'కు, మెనూను పిలిచే అర్థం ఇవ్వడం ఆనాటి అలవాటు. ఆట ఆ అర్థాన్ని చెరిపివేస్తే 'షిఫ్ట్', 'బ్రేక్' కలిపి నొక్కడం ఎలాగూ ఉంది.

6. ఒక కార్డులో 511 డిస్కులు

నలభయ్యేళ్ళు దాటిన అయస్కాంత డిస్కులు చదవబడకుండా పోతున్నాయి. అందుకే ఇప్పుడు ఈ యంత్రాలను కాపాడుకొంటున్నవారు ఎక్కువగా ఎస్‌డీ కార్డును యూజర్ పోర్టుకు తగిలించి, 'ఎంఎంఎఫ్ఎస్' అనే ఫైలింగ్ సిస్టంతో వాడుతున్నారు. కార్డుపై 'బీబ్.ఎంఎంబీ' అనే ఒకే పెద్ద ఫైలు ఉంటుంది. దాని తొలి 8192 బైట్లు పట్టిక, ఒక్కొక్క గడికి 16 బైట్లు. ఇక్కడా మొదటి గడి ప్రత్యేకం కనుక డిస్కులకు మిగిలేవి 511. ఒక్కొక్కటి 200 కిలోబైట్లు. 31 ఫైళ్ళ పట్టికలోని లెక్కే పెద్దదై ఇక్కడ మళ్ళీ కనిపించడం గమనార్హం. 'స్టార్ డిన్'తో ఒక డిస్కును డ్రైవులో పెట్టినట్లు చేయవచ్చు. 'స్టార్ డిబూట్' పెట్టడంతోపాటు దాని '!బూట్'నూ నడుపుతుంది.

ఈ పట్టికలో డిస్కు పేరుకు పన్నెండక్షరాలే. రచయిత, సంవత్సరం, కావలసిన మోడ్, కిందికి దించే అవసరం వంటివి ఏవీ అందులో పట్టవు. వాటిని మెనూ నిర్మించేవారు వేరే ఫైలులో పొందుపరచాలి. 511 డిస్కులలో జాబితాకెక్కనివి సందర్శకుడి దృష్టికి రావు. డిస్కుపై క్షేమంగా ఉన్న పాఠ్య ప్రోగ్రాము కూడా, సరిగా ప్రారంభించలేదన్న ఒక్క కారణంతో, పనికిరానిదిగా ముద్రపడి తొలగింపబడవచ్చు. పరిరక్షణలో ఈ ప్రమాదానికి ఇవ్వవలసినంత ప్రాధాన్యం ఇవ్వడం లేదనే చెప్పాలి.

ఎంఎంఎఫ్ఎస్‌లో రెండు రకాలున్నాయి. ఒకటి పాత డిస్కు వ్యవస్థలాగే 3584 నుంచి చోటు తీసుకొని 'పేజ్'ను 6400 వద్ద ఉంచుతుంది. రెండవది పక్కనున్న అదనపు రామ్‌లో తన నిల్వలను పెట్టుకొని 'పేజ్'ను 3584 వద్దనే వదులుతుంది. రెండవ రకం ఉన్న యంత్రంలో కిందికి దించే ఉపాయమే అక్కరలేదు. అయినా పాత మెనూలు అలవాటుగా 'స్టార్ టేప్' ఆదేశాన్ని ఇచ్చి, పక్కనే సిద్ధంగా ఉన్న కార్డును దూరం చేసుకుంటాయి. అందుచేత కొత్తగా మెనూ రాసేవారు ఏ ప్రోగ్రామునైనా కదిలించే ముందు 'పేజ్' విలువను పరీక్షించి, అది అప్పటికే 3584 అయితే నేరుగా 'చెయిన్' చేసేలా ఒక పంక్తిని చేర్చవలసి ఉంటుంది.